పార్కులోని దిగుడుబావి

మునిసిపల్ చైర్మన్ అయ్యగారికి, మగ్గాల వీధి నుండి చౌడప్ప తల్లి దండం పెట్టి రాసుకుంటున్నాను. నాది రెండో తరగతి చదువు, తప్పులుంటే మన్నించండి.

మా వీధి పక్కన పార్కును కొత్తగా చేస్తారని, పచ్చిక, బెంచీలు, నీళ్లు ఎగజిమ్మే తొట్టి పెడతారని విన్నాము. సంతోషమే. అందులోని దిగుడుబావిని మాత్రం పూడుస్తారట. మీ ఓవర్సీరు మా ఇంటికి వచ్చి, "నీ బిడ్డను మింగిన బావి కదమ్మా అది. నీ కోసమే పూడ్పిస్తాండారు" అని చెప్పిపోయినాడు.

ఆ మాట నేను అడగలేదయ్యా. ఉగాది వెనక నా చౌడప్ప ఆ బావిలోనే పోయినాడు. ఐదేండ్లవాడు. మహానంది కోనేట్లో స్నానం చేయించినప్పటి నుండి నీళ్లు కనబడితే ఆగేవాడు కాదు.

మా వీధికి వేరే నీళ్లు లేవు. తాగేదానికి అవే, మగ్గం పడుగు నూలుకు గంజి పెట్టేదానికి అవే. ఆనాటి నుండి నా కడవ కూడా పక్కింటి మల్లక్కే నింపి తెస్తుంది. నిన్న ఆమె నా చేయి పట్టుకుని, "వదినా, నీతో పాటు మేమూ ఏడిస్తిమి. అయితే ఎండాకాలం మా పిల్లోళ్లకు నీళ్లు యాడ తెచ్చేది?" అనింది. అందుకే ఈ జాబు రాస్తున్నాను.

నా బిడ్డ పేరు చెప్పి ఇంతమంది బిడ్డల గొంతు ఎండబెట్టవద్దు. చుట్టూ పిల్లలు ఎక్కలేని గోడ కట్టించండి. మెట్లకు తలుపు పెట్టించండి.

ఇప్పుడు నన్ను చూస్తే, నా బిడ్డ పోయిన బావి నీళ్లు మోస్తున్నామని ఆడవాళ్లు కడవలు కొంగు చాటున పెట్టుకుని పక్కకు తప్పుకుంటారు. గోడ లేచిన రోజు నేనే ముందు మెట్లు దిగి నా కడవ ముంచుకుంటాను. నన్ను చూసి వాళ్లూ దాపరికం లేకుండా దిగుతారు.

ఇట్లు,
చౌడప్ప తల్లి