తులసి పాదులో తడి

తిరుపతి,
18-8-2003.

పెరుందేవి అక్కకు,

ఎదురింటి పంకజాక్షి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. క్షేమమంటే కొళాయి వచ్చిన రోజు ఇంట్లో క్షేమం, రాని రోజు ట్యాంకరు దగ్గర క్షేమం. అక్కడ నందిని, పిల్లవాడు కులాసాగా ఉన్నారని, వాడు అప్పుడే బోర్లా పడుతున్నాడని విని సంతోషించాను. పలమనేరు చల్లదనం నీ ఒంటికి బాగా పడినట్టుంది, ఇంటి మాటే ఎత్తడం లేదు.

అక్కా, నాకు ఓపిక అయిపోయింది. మన కాలనీ తోట సంగతి నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

నువ్వు వెళ్ళేనాటికి ఎండలు ఇంకా ముదరలేదు. తర్వాత బావి అడుగు కనిపించింది. మనిద్దరం మెడదాకా పాతిపెట్టిన కుండలే వంగ మొక్కల్ని, బీర పాదుల్ని కొన్నాళ్ళు కాపాడాయి. మొదళ్ళ చుట్టూ వేరుశనగ పొట్టు కూడా మందంగా పరిచాను. కుండ చెమర్చి వేళ్ళకు తడి అందిస్తుంది, నిజమే. కానీ కుండలో పోయడానికైనా నీళ్ళుండాలి కదా. బియ్యం కడిగినవో, స్నానం చేసినవో, ఏవైతేనేం పోసేద్దామని నేనన్నందుకే కదా మనకు చెడింది. వాడిన నీళ్ళు తాగిన నేలలో పెరిగిన తులసి పెరుమాళ్ళకు ఎట్లా పనికొస్తుందని నువ్వు అడిగావు. మొక్కకు దాహం తెలుసు గానీ మడి తెలియదని నేను అన్నాను. నువ్వు తోట తాళంచెవి నా గడప మీద పెట్టి మరునాడే బస్సెక్కావు. నీ కూతురి కాన్పుకు ఇంకా నెల ఉందని నాకు తెలియదా?

ఆ తర్వాత మీ వరస ఇళ్ళవాళ్ళు బిందె ముట్టలేదు. చెంగమ్మను అడిగితే, పెరుందేవమ్మ సెప్తే మోస్తాము, ఆయమ్మ వద్దన్న నీళ్ళు మేమెట్ల పోసేది అనింది. ఆనందమ్మ ఇంకా నయం, మీ ఇద్దరి పంతానికి మా బీరకాయలు ఎండిపాయ గదమ్మా అని ముఖానే అనేసింది. ఇటు వరసలో ఓపికున్న వాళ్ళం కొందరం మోస్తూనే ఉన్నాం. నా మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి. వైశాఖంలో వంగ పోయింది, జ్యేష్ఠంలో బీర పోయింది. ఆషాఢం గాలికి మబ్బులన్నీ ఎటో కొట్టుకుపోయాయి. ఇప్పుడు శ్రావణంలో ఒక జల్లు పడి దుమ్ము అణిగింది.

అనపగింజలు వేయడానికి అదను ఇదే. ధనుర్మాసానికి కాయలు చేతికొచ్చి పితికిపప్పు వండుకోవాలంటే ఇప్పుడే నేలలో పడాలి. నువ్వు బూడిద కలిపి దాచిన గింజలు డబ్బాలో అలాగే ఉన్నాయి. మన కాలనీ పెద్ద జయరావు మొన్న వచ్చి, అందురూ కలిసి చేస్తామంటే చెయ్యండమ్మా, ల్యాకుంటే వినాయక చవితి అయినాక ఈడ బండ్లకు షెడ్డు ఏపిస్తా, ఎండిన తోటకు కంచె యాలమ్మా అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. నాకే ఒక్కోసారి వేసెయ్యనీ, పీడా పోతుంది అనిపిస్తుంది.

కానీ అంత ఎండలోనూ నీ తులసి వాడలేదక్కా. నీ మాట దాటి నేను దాని మొదట్లో ఒక్క చెంబు వాడిన నీళ్ళు పోయలేదు. మంచినీళ్ళు పోసే భాగ్యం ఎవరికీ లేదు. అయినా అది పచ్చగానే ఉంది. చెంగమ్మ దండం పెట్టుకుని, సూడమ్మా, పెరుందేవమ్మ చేతి సలవ అంటుంది. యతిరాజులు బావగారు ఆ దళాలే కోసి వారం వారం నీకు బస్సులో పంపుతున్నారని, నువ్వక్కడ వాటితోనే ఆరాధన చేస్తున్నావని తెలిసింది.

నువ్వు వచ్చి ఒక్క మాట చెబితే మీ వరస కదులుతుంది. రాలేకపోతే చెంగమ్మ పేరున ఒక కార్డు ముక్క రాయి. చవితి దాటితే రాసీ లాభం లేదు. కోపం నా మీద ఎంతకాలమైనా ఉంచుకో, నేను పడతాను. మొక్కల మీద వద్దు. నందినికి నా ఆశీస్సులు, పిల్లవాడికి ముద్దులు.

ఇట్లు,
అలసిపోయిన నీ
పంకజాక్షి

తా.క. : ఇది రాయకూడదని కవరు అంటించి, మళ్ళీ విప్పాను. తులసి బతికింది చేతి చలవతో కాదు. నిన్న తెల్లవారి తోటకు వెళ్తే బావగారు తడి పంచెతో పాదు దగ్గర వంగి ఉన్నారు. చేతిలో బిందె, నీళ్ళ మీద సున్నిపిండి తేలుతోంది. వచ్చే మంచినీళ్ళు వంటకూ ఆరాధనకూ మాత్రమే సరిపోతాయని, తొట్టిలో నిలబడి స్నానం చేసి, ఆ నీళ్ళే వేసవంతా మోసుకొచ్చారట. అంత మడి మనిషి. నన్ను చూసి తల దించుకున్నారు. తులసి ఎండిపోయిందని ఆమెకు రాయడం నా వల్ల కాలేదమ్మా, పెరుమాళ్ళు కోప్పడితే నా మీదే కోప్పడనీ, నువ్వు మాత్రం చెప్పొద్దు అన్నారు. దాచే ఓపిక కూడా నాకు లేదక్కా. ఇన్నాళ్ళూ నువ్వు సమర్పించింది ఆ తులసే, స్వామి పుచ్చుకున్నదీ ఆ తులసే. ఆయన వయసుకు ఆ బిందె చాలా బరువు. వచ్చి ఒక చెయ్యి పట్టు.