చప్పుడు లేని చైనా బండి

వడోద్, సూరత్.

వదినకు,

కాళ్ళకు మొక్కి మీ మరదలు సుగుణ రాస్తున్నది. మీరూ, అన్నయ్యా, పిల్లలూ క్షేమమే కదా. మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నూనె రాస్తున్నానని మాత్రం చెప్పకండి, రాయరని నాకు తెలుసు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం, దిగులు పడకండి. వానలు వెనకబట్టాయి గానీ ఉక్కపోత వదల్లేదు. పప్పులో బెల్లం వేసే ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నా నా నాలుక ఇంకా సిరిసిల్లలోనే ఉంది. అటునుంచి ఎవరైనా వస్తుంటే కాస్త చింతకాయ తొక్కు పంపండి.

ఫోన్లుండగా ఉత్తరమేమిటని అనుకుంటారేమో. పోయిన నెల ఫోనులో మీరు రెండు మాటలడిగారు. బీడీల గంప ఎత్తుకుని కార్ఖానాకు నడవలేకపోతున్నాను, చవగ్గా వచ్చే చిన్న చైనా బండి కొనుక్కోనా, అది నమ్మకంగా నడుస్తుందా అన్నారు. తర్వాత, "మా తమ్మునికి నా మీద కోపం ఇంక పోలేదా?" అని ఏడ్చారు. ఫోను పెట్టేశాక నేనూ ఏడ్చాను. ఈ రెండింటికీ జవాబు ఒక్కచోటే దొరికింది వదినా, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను ఇంట్లో చీరలకు లేసు కుడతానని మీకు తెలుసు. ఆ మూటలు పర్వత్ పాటియా నుంచి తెచ్చుకోవాలి. మూట చూస్తే షేర్ ఆటోవాడు మొహం తిప్పుకుంటాడు. అందుకని మేమూ అలాంటి బండే తీసుకుందామని అప్పటికే నెలన్నరగా అనుకుంటున్నాం. పక్కింటి గంగవ్వ మాత్రం వద్దంటే వద్దంది. "మా అల్లుని బండి ఒక్క వానకే పండుకున్నది. లోపల చిన్న డబ్బా ఏదో పోతే, అది దొర్కక నెల దినాలు మూలకు వెట్టినం. చైనా మాల్ గట్లనే ఉంటది" అంది. మీ తమ్ముడు ఒప్పుకోలేదు. "మా కార్ఖాన్ల మగ్గాలు గూడ చైనాయే. రాత్రింబగళ్ళు నడుస్తలేవా? సామాను పోతే దొర్కుతదా, బిగించెటోడు ఊళ్ళె ఉన్నడా, గదే జూడాలె" అన్నాడు. మగ్గాల దగ్గర తల నెరిసిన మనిషి, ఆ మాట నాకూ నచ్చింది.

సెలవు రోజు పొద్దున్నే మీ తమ్ముడూ, నేనూ, స్వాతీ బండ్ల కొట్టుకు పోయాం. కొట్టతను మంచివాడే. సామానంతా చైనా నుంచి వస్తుందనీ, బిగించేది ఇక్కడేననీ దాచకుండా చెప్పాడు. బండికి తాళంచెవి పెట్టి తిప్పి, నడపమన్నట్టు చెయ్యి చూపాడు. మీ తమ్ముడు తల ఒక పక్కకు వంచి, కార్ఖానాలో మగ్గం చూసినట్టే సీటు మీద అరచెయ్యి పెట్టి, పెద్దమనిషిలా అన్నాడు: "ఇంజన్ చప్పుడు మంచిగున్నది. ఎక్కడ తేడా లేదు."

స్వాతి పకపకా నవ్వింది. "నాన్నా, దీంట్ల ఇంజనే లేదు! బ్యాటరీ బండికి అవాజ్ యాడికెల్లి వస్తది?" కొట్టతను నవ్వాడు, నేనూ నవ్వాను. మీ తమ్ముడు ఊరికే మాటలతో ఆడుకునే మనిషి కదా, సరసమాడుతున్నాడనుకున్నాను. మా ముగ్గురినీ చూసి తనూ నవ్వాడు గానీ, ఎందుకు నవ్వుతున్నామో తెలియని నవ్వది. అప్పుడు నాకు తట్టలేదు.

తర్వాత నన్ను వెనక ఎక్కించుకుని రోడ్డు మీద ఒక చుట్టు తిప్పాడు. వెనకనుంచి టెంపో ఒకటి చెవులు పగిలేలా హారన్ కొడుతోంది. బండి పక్కకు పోదు. "తియ్యి, తియ్యి" అని అరిచాను. పోదు. చివరికి భుజం పట్టి లాగితే అప్పుడు ఉలిక్కిపడి పక్కకు తీశాడు. టెంపోవాడు గుజరాతీలో ఏవో దీవెనలిచ్చి పోయాడు. నా గుండె మాత్రం ఇల్లు చేరేదాకా నిమ్మళించలేదు.

సాయంత్రం మీ తమ్ముడు అటు తిరిగి కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. వెనక నిలబడి "ఇగో" అన్నాను. ఉలకలేదు. "స్వాతి నాన్నా" అన్నాను. పలకలేదు. మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది వదినా, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి పేరు పెట్టి పిలిచాను. ఒకసారి మెల్లగా, ఇంకోసారి గొంతెత్తి. గంగవ్వ తలుపులోంచి తొంగిచూసింది గానీ, ఆయన మాత్రం తల తిప్పలేదు. అప్పుడు తెలిసింది నాకు, మీ తమ్ముడికి చెవులు వినపడవని.

ఇన్నాళ్ళు ఎలా తెలియలేదని నన్ను తిట్టండి, పడతాను. మగ్గాల మోతలో మాటలెక్కడివి, అందరూ చేతులతో, పెదాలతోనే మాట్లాడుకుంటారు. మీరూ ఆ మోతలో పెరిగినవారే. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. అన్నానికి పిలవాలంటే భుజం తడతాం, ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి చెబుతాం. ఫోను వస్తే ఆఁ, ఊఁ అని రెండు ముక్కలని స్వాతికిచ్చి "నువ్వు మాట్లాడు" అనేవాడు. మీ ఫోను అయితే బయటికే పోయేవాడు. మీ నవీన్ పెళ్ళికి ఆలస్యంగా వచ్చాడని మీరు నలుగురిలో కోప్పడ్డారు కదా, అదే మనసులో పెట్టుకున్నాడని మీతోపాటు నేనూ అనుకున్నాను. "మర్చిపో, అక్కే కదా" అని వెనకనుంచి ఎన్నిసార్లు చెప్పానో. ఒక్కసారీ బదులివ్వలేదు.

ఎదురుగా కూర్చుని అడిగాను. "ఎవ్వరికి చెప్పకు. సేఠ్‌కు తెలిస్తె మగ్గాల మీదికెల్లి తీసేస్తడు. అక్కకైతె అసలే చెప్పకు" అన్నాడు. ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ ఒట్టే ఇప్పుడు గట్టు మీద పెడుతున్నాను. అందుకే ఫోను చేయలేదు. ఆయనకు వినపడకపోయినా, ఎదురుగా ఉంటే నా పెదాలు చదివేస్తాడు.

చెవుల డాక్టరుకు చూపించాం. పోయింది తిరిగి రాదట, మిషను పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయట. చవకవి చైనావీ ఉన్నాయట. మళ్ళీ అదే ప్రశ్న మన నెత్తికెక్కింది, చూడండి. చెవి విషయంలో మాత్రం డాక్టరు చెప్పిందే కొంటానని తెగేసి చెప్పాను.

బండి కూడా తీసుకున్నాం. నడిపేది నేనే. వెనక మూట పట్టుకుని మీ తమ్ముడు. వీధంతా చూసింది, చూడనీ. ఒకసారి పడ్డాను, మోచెయ్యి గీసుకుపోయింది, మానింది, కంగారుపడకండి. ఇరవై రోజులుగా బండి పేచీ పెట్టలేదు, ముందు ముందు సంగతి చెప్పలేను. మీరు కొనేముందు సిరిసిల్లలో ఆ బండి బాగుచేసేవాడు, సామాను ఉంచేవాడు ఉన్నాడో లేదో చూడండి. ఉంటే కొనండి, లేకపోతే ఎంత చవకైనా వద్దు. నిలిచిన నీళ్ళలోకి దించకండి. గంప ఒక్కటే పెట్టండి, అన్నయ్యను ఎక్కించుకోకండి.

అన్నయ్యకు నమస్కారాలు, నవీన్ దంపతులకు దీవెనలు. మీ ఆశీర్వాదం మా ముగ్గురి మీదా ఉండాలి.

మీ మరదలు,
సుగుణ

వదినా, ఇక్కడిదాకా రాసి చీరల మూట కింద దాచాను. మూట దించబోయి మీ తమ్ముడు చూశాడు. నిలబడే అంతా చదివాడు. తిడతాడనుకున్నాను. పెన్ను ఇమ్మని చెయ్యి చాపాడు. కింద రాసింది ఆయనే.

అక్కా, నాకు కోపం లేదు. అందరితోని ఫోన్ల ఆఁ, ఊఁ అనుకుంట వినవడ్డట్టు నటిస్త. నీతోని గట్ల చెయ్య మనసొప్పలే.