ఎక్కువ రంగులు చిమ్మిన రాయి

హిందూపురం,
3 ఫిబ్రవరి 2025, సోమవారం.

జయలక్ష్మమ్మ అక్కకు,

చెల్లెలు భాగ్యశ్రీ నమస్కారం. ఇక్కడ అందరం కుశలం. పెనుకొండలో బావ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. మర్యాదలు ఇంతటితో సరి. మిగతాది పక్కన ఎవరూ లేనప్పుడు కూర్చుని చదువు. ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నాను.

మీ కిరణ్ పెళ్లి కార్డు అందింది. చిన్నమ్మనని నా పేరు పెద్దక్షరాల్లో వేయించావు, సంతోషం. కానీ ఒక్క సంగతి తేలేదాకా ఆ పెళ్లికి నేను రాను.

అమ్మ కమ్మల సంగతి. అమ్మ పోయాక ఆ ఒంటి వజ్రం కమ్మల జత విడదీసి, మనిద్దరికీ చెరొక ముక్కుపుడక చేయిద్దామన్నది నువ్వే. ధర్మవరంలో కంసాలి దగ్గరికి రెండు రాళ్లూ తీసుకుపోయిందీ నువ్వే, అదీ ఒక్కదానివే. నన్ను రమ్మనలేదు. తిరిగొచ్చి రెండు పుడకలూ పళ్లెంలో పెట్టావు. నేను చెయ్యి చాచేలోపే, పెద్దదాన్ని నేను ముందు తీసుకుంటానని ఒకటి గబుక్కున లాక్కున్నావు. బెల్లం ముక్క దగ్గర కూడా ఎప్పుడూ నాకే ముందు పెట్టినదానివి, ఆరోజు ఎందుకంత తొందర? అప్పుడే నా మనసులో ఏదో గుచ్చుకుంది. అమ్మ పోయి నెల కూడా కాలేదని నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత నీ వాలకం చూస్తూనే ఉన్నాను. పుడకలకు మెరుగు పెట్టించుకుందాం రా అంటే, నాది బాగానే ఉండాదిలే అని తప్పించుకున్నావు. ఒకసారి చూసిస్తాను ఇవ్వక్కా అంటే మాట మార్చి వంటింట్లోకి పోయావు. పైగా ఎప్పుడు కలిసినా, నీది భద్రం పాపా, ఎవరి చేతికీ ఇయ్యొద్దు, నీ కూతురు యామినికే పెట్టు అని ఒకటే చెప్పడం. ఎందుకిన్ని జాగ్రత్తలో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడైంది. నేను దాన్ని ఇంకొకరికి చూపించకూడదనే కదా.

మొన్న జనవరిలో అమ్మ తద్దినానికి ధర్మవరం పోయాం. చిన్నాయన మిద్దె మీద కర్రలకు తెల్ల పట్టుదారం ఆరేసి ఉంది. నువ్వు కాకులకు అన్నం పెట్టి లేస్తున్నప్పుడు ఎండ నీ ముక్కు మీద పడింది. దారం మీద ఎర్ర చుక్క, పచ్చ చుక్క, ఊదా చుక్క గంతులేశాయి. నేనూ పక్కకొచ్చి అలాగే వంగి లేచాను. నా రాయి నుంచి ఒక తెల్ల మెరుపు, దాని అంచున సన్నగా కొంచెం రంగు, అంతే. ఉన్నది ఒకే ఎండలో, పెట్టుకున్నది ఒకే తల్లి కమ్మల రాళ్లు. ఇదంతా యామిని సరదాకి ఫోన్లో వీడియో తీస్తుంటే నువ్వు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయావు.

మనం రంగులు వేసే ఇంటి పిల్లలం. నాయన తొట్టిలోంచి తీసిన ప్రతి పిడి దారాన్నీ ఎండలోకి పట్టుకుపోయేవాడు. ఎండలో రంగు ఎంత ఎక్కువ పలికితే అంత మేలైన సరుకని మనకు నేర్పింది ఆయనే. ఆ లెక్కన మేలైన రాయి ఎవరి ముక్కున ఉందో నాకు ఇంకొకరు చెప్పాలా?

అయినా చదువుకున్నవాళ్లను అడుగుదామని మా యామినిని అడిగాను, ఫిజిక్సు డిగ్రీ కదా. తెల్ల వెలుగులో అన్ని రంగులూ కలిసే ఉంటాయట. గాలిలో దాదాపు ఒకే వేగంతో పోతాయట. రాయిలోకి దిగితేనే తేడా. తారురోడ్డు మీద కలిసి నడిచినవాళ్లు పెన్న ఇసుకలో దిగినట్టు అన్నీ నెమ్మదిస్తాయి, కానీ ఎరుపు కాస్త ముందు పోతుంది, ఊదా వెనకబడుతుంది. అందుకే ఒక్కో రంగు ఒక్కో తీరున వంగి విడిపోతుందట. వేగంలో ఆ తేడా ఎంత ఎక్కువుంటే రంగులు అంత విప్పుకుంటాయని చెప్పింది. అయితే నాది ఉత్త గాజేనని తేలిపోయింది కదే అన్నాను. నిలువమ్మా, ఏ రాయిలో ఎంత తేడా ఉండాదో చూడకుండా అట్ల చెప్పకూడదు అని ఇంకేదో అనబోయింది. నేను వినలేదు.

రేపు అది నా పుడకనూ ఆ వీడియోనూ ఓబుళప్ప నగల అంగడికి తీసుకుపోతోంది. ఆయన గాజని చెప్పాక రాస్తే ఉత్తరంలో ఈ మాత్రం మర్యాద కూడా ఉండదు, అందుకే ఈరోజే రాస్తున్నాను. రాయి పోతే పోయింది. నాకు జడలు వేసిన చేతులతోనే నువ్వు నా రాయి మార్చావా అన్నది నన్ను తినేస్తోంది. నిజం చెప్పు. చెప్పేదాకా మీ గడప తొక్కను.

ఇంకా నీ చెల్లెలినే అనుకుంటున్న,
భాగ్యశ్రీ

తా.క.: మంగళవారం సాయంత్రం.

పోస్టు డబ్బాలో వేసేలోపే యామిని తిరిగొచ్చింది. ఓబుళప్ప మిషను పెట్టి చూశాడట. పాతకాలం అసలు వజ్రం, ఇట్లాంటిది ఇప్పుడు యాడ దొరుకుతుందమ్మా అన్నాడట. వీడియోలో నీ పుడక చూసి మాత్రం, ఇన్ని రంగులు చిమ్మేది అమెరికన్ డైమండే అన్నాడట. వజ్రంలో కంటే ఆ చేసిన రాయిలో ఎరుపుకూ ఊదాకూ వేగంలో తేడా ఎక్కువట. నిన్న యామిని చెప్పబోయిందీ అదే. నేను నాయన తొట్టి లెక్కతో రాయిని చూశాను.

యామిని అంగడి నుంచే, నాకు చెప్పకుండా నీకు ఫోన్ చేసింది. నువ్వు దానితో, అమ్మ కమ్మలోని ఒక రాయి ఎప్పుడో రంగు తొట్టిలో పడిపోయిందని, నాయనకు తెలియకుండా అమ్మ ఇంకో రాయి పెట్టించుకుందని, పోయేముందు నీ ఒక్కదానికే చెప్పిందని అన్నావట. మీ అమ్మకు చెప్పొద్దు పాపా, ఆ కమ్మలంటే దానికి చిన్నప్పటినుంచీ ప్రాణం అన్నావట. యామిని దాచలేక నాకు చెప్పేసింది.

అందుకా అక్కా, ఆరోజు నువ్వు ముందు చెయ్యి పెట్టింది?

పై ఉత్తరం చింపేద్దామని రెండుసార్లు పట్టుకున్నాను. చింపలేదు. రెండేళ్లుగా నిన్ను ఏమనుకున్నానో దాచిపెట్టి నీ ముఖం చూడలేను. చదివి బాగా తిట్టు. పెళ్లికి నాలుగు రోజుల ముందే వస్తున్నాను. రెండు పుడకలూ మళ్లీ పళ్లెంలో పెట్టు. ఈసారి నేను ముందు తీసుకుంటాను.