బావిలోకి దించిన వెలుగు

ఇంజనీరు రఘునందన్ గారికి,

ఇబ్రహీంపట్నం దగ్గరి మా ఊరి నుంచి బుగ్గయ్య భార్య రాస్తున్నది. మీరు దవాఖానలో ఉన్నారని తెలిసింది. క్షేమమా అని అడగను.

ఎండలు తగ్గాలని ఫ్యాక్టరీల పొగలోంచి పట్టిన కార్బన్ గ్యాసును మీ కంపెనీ మా చెలక పక్క బోరులోకి ఎక్కించింది. అది రాళ్ల సందుల్లోంచి మా ఎండిన బావిలోకి చేరింది. మేకపిల్ల అందులో పడి కదలకపోతే మా ఆయన తాడు అందుకున్నాడు. మీరు ఉరికొచ్చి, "దిగొద్దు, గ్యాసుంది!" అని తాడు గుంజుకున్నారు.

"మా భూమి ఖరాబు చేసి మమ్మల్నే ఆపుతవా?" అంటూ మా మరుదులు కట్టెలతో మీ పండ్లు రాలగొట్టారు. నెత్తురు ఉమ్ముతూనే "లాంతరు దించి చూడండి" అన్నారు మీరు. తర్వాత మీకు స్పృహ లేదు.

మా మామ కాలంలో పాతబావిలోకి ముందు లాంతరు దించేవారు. అది ఆరిపోతే ఎవరూ దిగేవారు కాదు. లాంతర్లతోపాటు ఆ సంగతీ మరిచిపోయాం. "లైటే కద, గిది సాలదా?" అని మా ఆయన సెల్లు లైటు వేసి, తాడుకు కట్టి దించాడు. అడుగుదాకా మంచిగా వెలిగింది. దిగాడు.

మిమ్మల్ని కొట్టింది మావాళ్లేనని పోలీసులకు చెప్పాను. గ్యాసు మీదేనని మీరు చెప్పాలి. నోరు మానకపోతే రాసివ్వండి.

మా ఆయన్ను పైకి తీసేటప్పుడు కూడా బావి అడుగున ఆ లైటు వెలుగుతూనే ఉంది.