మేనత్త పంపిన నోని రసం

ఓటాహుహు, గురువారం

లవీనియా అత్తకు,

ప్రేమ ఉంది. ఇవాళ దాన్ని పక్కన పెట్టి రాస్తున్నాను.

మీ ఎదుట నిలబడి ఈ మాటలు అనే ధైర్యం నాకు లేదు. మన టోంగా ఇళ్లలో మేనత్తకు ఎదురు చెప్పిన పిల్ల ఎక్కడుంది? నాకు పేరు పెట్టింది మీరు. రేపు నాన్న పోతే, ఆచారం ప్రకారం ఆయన తల దగ్గర కూర్చునేదీ మీరే. అంతదాకా రాకూడదనే ఈ ఉత్తరం.

నిన్న ఆసుపత్రిలో నాన్న గుండె లయ తప్పింది. రక్తంలో పొటాషియం పెరిగిపోయిందట. ఆ రక్తపు క్యాన్సర్ ముందే కిడ్నీలను పాడుచేసింది. మీ నోని రసం నిండా ఉండేది ఆ పొటాషియమే! ప్రతి బుధవారం సూది వేసే ముందు నర్సు అడుగుతుంది, "ఇంట్లో ఇంకేమైనా తాగుతున్నావా, మోసెసె?" అని. "ఏం లేదమ్మా, నీళ్లు, టీ" అని నవ్వేవాడు, ముప్పై ఏళ్లుగా చర్చిలో వాక్యం చెప్పే మనిషి. పక్కనే ఉండి నేనూ నోరు మెదపలేదు. పండ్ల రసమే కదా అనుకున్నాను. ఖాళీ సీసాలు కడిగి మీకు తిప్పి పంపింది నేనే. నా చెంపలు నేనే వాయించుకోవాలి.

నిన్న చెప్పేశాను. మంచం మీద ఆయాసపడుతూ నాన్న ఏమన్నాడో తెలుసా? "మీ అత్త పరువు తీశావే!"

రోజుకు రెండు గ్లాసులు తాగితే రోగం కడుక్కుపోతుందని మీకెవరు చెప్పారు? ఒక్కసారైనా ఆసుపత్రికి వచ్చి డాక్టరును అడిగారా? ఇంకో సీసా పంపితే వీధిలో పారబోస్తాను. మా గడప తొక్కకండి.

అకానేసి


మాంగెరె, ఆదివారం

నోరున్న అకానేసీ,

నీ ఉత్తరం చించబోయి, మళ్లీ చదివాను. గడప తొక్కొద్దంటావా! ఆ గడప మీద నీకన్నా నాకే హక్కెక్కువ.

ఆసుపత్రికి రాలేదంటావేం? వాడు పొట్ట మీద సూది వేయించుకుంటాడు. తమ్ముడు చొక్కా ఎత్తే చోట అక్క ఉంటుందా? చిన్నప్పుడే మీ నానమ్మ మమ్మల్ని వేరే గదుల్లో పడుకోబెట్టింది. వాడి ఒంటి సంగతి నేను అడగకూడదు, వాడు చెప్పకూడదు. ఫోన్లో "రసం పడుతోందా?" అని మాత్రం అడిగాను. "డాక్టరు కూడా మంచిదన్నాడక్కా" అన్నాడు. వెధవ! గౌరవం పేరు చెప్పి నా చేత్తోనే విషం పోయించుకున్నాడు.

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నాతో "వద్దు" అని చెప్పింది నువ్వొక్కదానివే. ఆ ఒక్క మాట వాడే అని ఉంటే! చాలాసేపు ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను.

బుధవారం వస్తున్నాను. మంచం చుట్టూ తెర లాగుతారు కదా, దాని ఇవతల నాకు కుర్చీ వేయించు. వీపు తిప్పి కూర్చుంటాను. నర్సు అడగగానే, నోట్లో వేసుకునేవన్నీ వాడు చెప్పాలి. నోని, చర్చి వాళ్లిచ్చిన మాత్రలు, శనివారం మగాళ్లతో కూర్చుని తాగే ఆ మత్తు వేరు రసం కావా, అన్నీ. ఒక్కటి దాచాడా, ఇవతల నుంచి దగ్గుతాను. నా మాట కాదనే దమ్ము వాడికి లేదుగా!

మిగిలిన సీసాలు నువ్వు ముట్టకు. నేను పంపినవి నేనే వచ్చి పారబోస్తాను.

మీ అత్త,
లవీనియా