నొప్పి తెలియని రోజు

గురువారం రాత్రి, వరంగల్ దవాఖానలో

పొద్దున నా భార్య లక్ష్మికి మోకాలి చిప్ప మార్చారు. ఆపరేషన్ బాగానే జరిగింది. నొప్పి తెలియకుండా తొడ దగ్గర నరానికి మత్తు సూది ఇచ్చారు. మధ్యాహ్నం కళ్లు తెరిచి ఆమె అన్న మొదటి మాట, "ఏందయ్యా, నా కాలు ఉన్నదా, తీసేసిన్రా?"

నేను నీళ్లకని గుమ్మం దాటానో లేదో, బాత్రూముకు పోదామని మంచం దిగింది. కాలు నిలవక ఒరిగిపోతుంటే పరుగెత్తి పట్టుకున్నాను. నర్సు మందలించింది.

"నొప్పి లేదంటే కాలుకు బలమొచ్చినట్టు కాదమ్మా. మత్తు దిగేదాక ఒక్కదానివి లేవొద్దు."

ఆ తర్వాత కుర్చీని మంచానికి ఆనించి వేసుకుని అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం మెల్లగా అడిగింది, "మత్తు దిగితే నొప్పి లేస్తదా?"

"లేస్తదట. గోలీలు ఇస్తరు. జర ఓర్సుకోవాలె."

"నొప్పిల నిన్ను తిడితె పట్టించుకోకు."

"ఇన్నేండ్లు పట్టించుకున్ననా?"

నవ్వింది. వర్ధన్నపేట పొలాల్లో నాట్లు వేసీ వేసీ అరిగిన మోకాలు అది. పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా మూలిగే మనిషి, ఎన్నాళ్లకో కదలకుండా నిద్రపోతోంది. పొద్దుటికి మత్తు దిగిపోతుందన్నారు. ఈ ఒక్క రాత్రి కాస్త ఆలస్యంగా తెల్లవారితే బాగుండు.