విల్ఫ్ గారి రెండో పరీక్ష

హాలిఫాక్స్,
9 మే 2024

ప్రియమైన నాన్నా,

ఫోనులో అమ్మ ముందు చెప్పలేని మాట ఒకటుంది. అందుకే ఈ ఉత్తరం.

ఆఫీసులో నాకు పని నేర్పిన విల్ఫ్ ఎంట్విసిల్ గారు మీకు గుర్తున్నారుగా. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో లేచిన భవనాలను తనిఖీ చేస్తున్న మనిషి. కొత్త చట్టం ప్రకారం ఇప్పుడు పరీక్ష పాసై, పేరు రిజిస్టరు చేయించుకున్న ఇన్‌స్పెక్టరు చూసి ఒప్పుకుంటేనే భవనానికి ఆమోదం. నేను పాసయ్యాను. ఆయన తప్పారు. పరీక్షంతా కంప్యూటరు మీదే, ఆయనకేమో దాన్ని ఎలా నొక్కాలో తెలియదు. ఇక ఆయన నా పర్యవేక్షణలో పనిచేయాలి. నాకు తల ఎత్తుకోవాలంటే సిగ్గేసింది. ఆయనే నవ్వి, "చట్టం మంచిదే అమ్మాయ్. జుట్టు నెరిసిందని డాక్టరుకి పరీక్ష మాఫీ చేస్తామా?" అన్నారు.

మంగళవారం నలభై ఫ్లాట్ల భవనానికి చివరి తనిఖీ. శుక్రవారం అందులో జనం కాపురానికి దిగాలి. కాగితాలు, ఫోటోలు అన్నీ చక్కగా ఉన్నాయి. సంతకానికి పెన్ను తీశాను. విల్ఫ్ గారు మాత్రం నిచ్చెన వేసుకుని, వరండా సీలింగు పలక తీసి లోపలికి తల పెట్టారు.

సైటు మేనేజరు గారెత్ కేకలేశాడు. "రిజిస్టరు నంబరు లేని తాతకి అక్కడేం పని? దిగవయ్యా!"

"నిజమే బాబూ, నా మాట చెల్లదు," అంటూ విల్ఫ్ గారు దిగి, టార్చి నా చేతిలో పెట్టారు. "ఈమెది చెల్లుతుంది. నేనేం చూశానో చెప్పనమ్మాయ్. నువ్వే చూడు."

ఎక్కాను. మంటను ఆపాల్సిన గోడలోంచి పైపులు వెళ్ళిన చోటల్లా నా పిడికిలి పట్టేంత సందు. ఒక ఫ్లాటులో నిప్పంటుకుంటే పొగ అన్నిట్లోకీ పాకుతుంది. ఆమోదం ఆపేశాను. ఆఫీసంతా నన్ను మెచ్చుకుంటోంది నాన్నా, అదే భరించలేకపోతున్నాను. విల్ఫ్ గారు నిచ్చెన ఎక్కకపోతే నేను సంతకం పెట్టేసేదాన్ని. రేపు పైఆఫీసరుకి నిజం చెప్పి, రిజిస్టరులోంచి నా పేరు తీసేయమంటాను.

మీ ఆల్మా

హాలిఫాక్స్,
21 జూన్

నాన్నా,

పేరు తీయించుకోలేదు. నిజం మాత్రం చెప్పాను. ఆఫీసరు గట్టిగా మందలించి, రెండు నెలలపాటు నా తనిఖీలన్నీ ఇంకొకరు కూడా చూడాలని రాసి పెట్టారు. బయటికొస్తే విల్ఫ్ గారు ఎదురుచూస్తున్నారు.

"చేరిన కొత్తలో నేనూ పైకెక్కకుండా సంతకం పెట్టా," అన్నారు. "నిద్రపట్టక మర్నాడే వెళ్ళి అంతా విప్పించా. నువ్వు ఒప్పుకున్నావుగా, ఇక మర్చిపోవు. పారిపోయే మాటలు మాని, ఈ కంప్యూటరు ఎలా నొక్కాలో నేర్పు, మళ్ళీ పరీక్ష రాస్తా."

ఐదు వారాలు మధ్యాహ్నం శాండ్‌విచ్చులు తింటూ నేర్పాను. ఒక్కో తప్పుకీ తనని తానే తిట్టుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవారు. ఈలోగా ఆ సందులన్నీ పూడ్చారు. ప్రతి పలకా తీయించి చూశాకే ఆమోదం ఇచ్చాం. పోయిన శనివారం జనం దిగారు.

నిన్న విల్ఫ్ గారు పాసయ్యారు! సెప్టెంబరులో ఆయన రిటైరవుతున్నారు. "మూడు నెలల కోసం ఇంత కష్టమెందుకు పడ్డారు?" అనడిగాను.

"ఈ ఊళ్ళో నేను సరేనన్న ఇళ్ళల్లో వేలమంది పడుకుంటున్నారమ్మాయ్," అన్నారు. "వాళ్ళిల్లు చూసినవాడు పరీక్ష తప్పినవాడన్న భయం వాళ్ళకి ఉండకూడదు."

లేచి వెళ్ళి ఆయనకి టీ పెట్టి తెచ్చాను.

మీ కూతురు,
ఆల్మా